బయటివైపు గడియ

మేస్త్రీ పనికి వంక పెట్టినవాడు లేడు గానీ, ఒక్క విషయంలో మాత్రం వీధి వీధంతా అతన్ని చూసి నవ్వింది. జైలు నుంచి వచ్చి సొంతంగా వడ్రంగి కొట్టు పెట్టుకున్న కొత్తలో ఒక టీచరమ్మ ఇంటికి పడకగది తలుపు చేసి బిగించాడు. తలుపు ముచ్చటగా కుదిరింది. టీచరమ్మ లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని, గడియ కోసం పైనా కిందా తడుముకుని, మళ్ళీ బయటికొచ్చింది.

"ఏమయ్యా మేస్త్రీ, గడియ బయట పెట్టావేంటి? మా ఆయన నన్ను లోపలుంచి గడియేసుకుని ఆఫీసుకెళ్ళాలనా?"

మేస్త్రీ నాలుక కరుచుకున్నాడు. ఏం చెప్తాడు పాపం? పని నేర్చుకున్నది జైలు షెడ్డులో. అక్కడ చేసిన తలుపులన్నీ ఏ జైలుకో, ఏ సర్కారు గోదాముకో వెళ్ళేవి. లోపలున్నవాడు గడియ వేసుకునే తలుపు అతను జన్మలో చేసి ఎరగడు. ఏదో ఆలోచిస్తూ బిగించాడంటే చాలు, గడియ బయటికి పోయేది. ఆ రోజు మార్చి పెట్టాడు గానీ, 'గడియ మేస్త్రీ' అన్న పేరు మాత్రం ఊడిరాలేదు. కొన్నాళ్ళకి అతనూ ఆ పేరుకే పలకడం మొదలుపెట్టాడు.

అతను జైలుకెందుకు వెళ్ళాడో కూడా అందరికీ తెలుసు. హత్య. అతను లేనప్పుడు "నిప్పు లేనిదే పొగ రాదు కదా" అనుకుని, అతను కనబడగానే "మా కుర్చీ కాలు ఊగుతోంది మేస్త్రీ, ఒకసారి చూడవూ" అనేవాళ్ళు. లోకం తీరే అంత, తిట్టుకుని లాభం లేదు.

అసలు సంగతి ఇది. అప్పట్లో అతను ఒక ఇనుప సామాన్ల కొట్లో వ్యాను డ్రైవరు. ఆ కొట్టు షావుకారుని ఎవరో తల పగలగొట్టి చంపారు. ఎవరన్నది ఈ రోజుకీ ఎవరికీ తెలీదు. తెలుసుకోవలసిన ఇన్‌స్పెక్టరుకి అంత ఓపిక లేదు. ముందురోజు సెలవు దగ్గర షావుకారుతో మాటామాటా అనుకున్న డ్రైవరు కళ్ళెదురుగా ఉంటే, ఇంకొకణ్ణి వెతకడం దేనికి?

ఇన్‌స్పెక్టరు అతన్ని ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. కిటికీ లేని గదిలో కూర్చోబెట్టాడు. కన్ను మూతపడితే లేపేవాడు. ఎదురుగా బల్ల మీద మంచినీళ్ళ చెంబు. "ఎలా చంపావో చెప్పు, తాగు" అనేవాడు. చంపలేదు సార్ అంటే చెంబు వెనక్కి జరిగేది. మూడు రాత్రులు గడిచేసరికి, "నీ పెళ్ళాన్నీ చంటిదాన్నీ తెచ్చి ఇదే గదిలో కూర్చోబెట్టనా?" అన్న మాట కూడా వచ్చింది. అక్కడితో అతని ధైర్యం జారిపోయింది. ఏ చేత్తో కొట్టాడో, దేనితో కొట్టాడో, దాన్ని ఎక్కడ పారేశాడో ఇన్‌స్పెక్టరు చెప్తుంటే, ఇతను పిల్లాడు ఎక్కాలు వల్లించినట్టు వల్లించాడు. నమ్మకపోతే మళ్ళీ మొదటికొస్తుందన్న భయంతో, ఎవరూ అడగని ముక్క ఒకటి తనే అతికించాడు. షావుకారు కళ్ళజోడు కిందపడితే తీసి బల్ల మీద పెట్టానన్నాడు. జడ్జిగారి ముందూ అదే అప్పజెప్పాడు. గుమ్మంలో ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు మరి. ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా ఏ కోర్టూ వినలేదు. చెయ్యనివాడి నోట కళ్ళజోడు సంగతి ఎందుకొస్తుందన్నారు.

శిక్షంతా అయ్యాక బయటికొస్తే ఇంట్లో భార్య లేదు, పోయి చాలా ఏళ్ళయింది. చంటిది ఎదిగి, మందుల షాపులో పని చేస్తోంది. దాన్ని పెంచింది అతని అక్క. అక్క తమ్ముణ్ణి ఏనాడూ అనుమానించలేదు. పిల్ల మాత్రం నమ్మలేదు. అత్త పోరు పడలేక మధ్యాహ్నం పూట క్యారేజీ తెచ్చి, "ఇదిగో" అని పని బల్ల మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయేది. నాన్నా అని ఒక్కసారి కూడా పిలవలేదు.

ఒకరోజు అతను ఉండబట్టలేక అడిగేశాడు.

"నాన్నా అంటే నీ సొమ్మేం పోతుందే తల్లీ?"

"నువ్వు చెయ్యలేదంటావు. మరి చేశానని ఎందుకు చెప్పావు?"

"చెప్పించారమ్మా."

"చెప్పిస్తే చెప్పేస్తారా? కోర్టు కాయితాలు తెప్పించి చదివాను నేను. చెయ్యని పని ఎవరైనా చేశానని ఒప్పుకుంటారా? పైగా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టానని కూడానా! అది కూడా చెప్పించారా?"

అది ఎవరూ చెప్పించలేదు. ఆ సంగతి చెప్పబోయి, చెప్తే ఇంకా చెడిపోతుందని చిత్రిక అందుకున్నాడు. కోర్టులు కొట్టిన దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఈ పిల్ల చూసిన చూపు ఒక్కటీ ఒక ఎత్తు.

అలాంటి రోజుల్లో వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, ఇన్‌స్పెక్టరు తనంతట తనే కొట్టుకి నడిచొచ్చాడు. రిటైరయ్యాడు, ఊరి చివర కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. జుట్టు నెరిసింది, పొట్ట పెరిగింది, గొంతు మాత్రం అదే. ఆ గొంతు చెవిన పడగానే మేస్త్రీ చేతిలో చిత్రిక ఆగిపోయింది.

"తలుపులు బాగా చేస్తావని చెప్పారు. ఎక్కడ నేర్చుకున్నావ్ పని?"

"గవర్నమెంటువాళ్ళే నేర్పారు సార్."

"ట్రైనింగా?"

"అవును సార్, పెద్ద ట్రైనింగు. తిండీ బట్టా కూడా వాళ్ళే."

"అదృష్టవంతుడివయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

గుర్తుపట్టలేదు! మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక మనిషి బతుకుని బుగ్గిపాలు చేసినవాడు ఆ మనిషి మొహమైనా గుర్తుపెట్టుకోడా? తనకి ఇన్నేళ్ళూ కళ్ళు మూస్తే వీడే, తెరిస్తే వీడే. వీడికేమో తను నలుగురిలో ఒకడు కూడా కాదు. చేతికందే దూరంలో ఉలి ఉంది. అటు చూసి, చూపు తిప్పుకుని, టేపు జేబులో వేసుకుని కొలతలకి బయల్దేరాడు.

పని మొదలయ్యాక ఇన్‌స్పెక్టరు రోజూ వచ్చి కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. రిటైరైన మనిషి, కబుర్లు వినే దిక్కు ఇంట్లో లేదు కాబోలు, మేస్త్రీకి చెప్పుకునేవాడు. అన్నీ తన ప్రతాపాలే.

"నా సర్వీసులో నా చేతికి చిక్కి ఒప్పుకోనివాడు లేడు మేస్త్రీ. కొందరు వెధవలు లాఠీలు విరగ్గొడతారు. నేను వేలు కూడా తగిలించేవాణ్ణి కాదు. మంచినీళ్ళు చాలు."

మేస్త్రీ చెక్క మీద నుంచి తలెత్తకుండా అడిగాడు. "చెయ్యనివాడు కూడా ఒప్పుకునేవాడా సార్?"

ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. "చెయ్యనివాడంటూ ఎవడుంటాడయ్యా? ఇది కాకపోతే ఇంకోటి చేసే ఉంటాడు!"

మేస్త్రీ కూడా నవ్వాడు. ఎలా నవ్వాడో అతనికే తెలియాలి.

ఇంటి నడిమధ్యలో ఇనప్పెట్టె పెట్టుకోవడానికి ఇన్‌స్పెక్టరు ఒక చిన్న గది కట్టించాడు. దానికి కిటికీ లేదు. దొంగల సంగతి తనకి తెలిసినంత ఇంకెవరికి తెలుసని, తలుపు మందపాటి టేకుతో చెయ్యమన్నాడు. తను లోపల కూర్చుని డబ్బు లెక్కపెట్టుకునేటప్పుడు వేసుకోవడానికి గడియ లోపలుండాలని, బయటికి తాళం తను వేరే పెట్టించుకుంటానని చెప్పాడు. మేస్త్రీ చేశాడు, బిగించాడు. తీరా చూసుకుంటే గడియ బయటుంది. అలవాటుకొద్దీ పడిందో, కావాలనే పెట్టాడో ఒట్టేసి చెప్పమంటే అతను చెప్పలేడు. మార్చడానికి మరలు విప్పబోయి, స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాడు.

మర్నాడు తాపీవాళ్ళు పనికి రాలేదు. ఇన్‌స్పెక్టరు హాల్లో ఫోను ఛార్జింగుకి పెట్టి, గది చూసుకోవడానికి లోపలికెళ్ళాడు.

"కాస్త లోపలే ఉండండి సార్, తలుపు బిగుతు చూస్తాను," అన్నాడు మేస్త్రీ.

తలుపు వేశాడు. గడియ దానంతటదే జారినట్టు జారింది.

"బాగానే కూర్చుంది. ఇంక తియ్యి," అంది లోపలి గొంతు. కాసేపాగి, "మేస్త్రీ! గడియ బయట పెట్టావా ఏంటి? నీ తెలివి తెల్లారినట్టే ఉంది. తియ్యవయ్యా, ఉక్కపోస్తోంది."

మేస్త్రీ ఒక చెక్క దిమ్మ లాక్కుని తలుపెదురుగా కూర్చున్నాడు.

"చెప్పండి సార్."

"ఏం చెప్పాలి?"

"ఇనుప కొట్టు షావుకారుని ఎలా చంపారో చెప్పండి. చెప్పి మంచినీళ్ళు తాగుదురుగాని."

లోపల్నుంచి "నువ్వా!" అని వినబడింది. గుర్తొచ్చాడన్నమాట, ఇన్నాళ్ళకి! ఆ 'నువ్వా' విన్నాక మేస్త్రీ ఒంట్లోకి ఏదో చల్లగా దిగింది. దాహం తీరినట్టయిందంటే తప్పులేదు.

ఇక తిట్లు మొదలయ్యాయి. అమ్మని, అబ్బని, ఎవర్నీ వదల్లేదు. తలుపు మీద గుద్దులు. "మళ్ళీ లోపల వేయిస్తానురా! ఈసారి శవమై బయటికొస్తావ్!"

"ప్రస్తుతానికి లోపలున్నది తమరు సార్," అన్నాడు మేస్త్రీ.

రేపు ఏమవుతుందో అతనికి తెలియక కాదు. కేసవుతుంది, మళ్ళీ జైలు. తెలుసు. ఈసారైనా చేసిన పనికి వెళ్తాను కదా అనుకున్నాడు. హాల్లో ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆ మోత వినబడినప్పుడల్లా లోపల గుద్దులు ఎక్కువయ్యేవి, ఆగిపోతే తగ్గిపోయేవి. ఎండ నడినెత్తికొచ్చింది, పైన స్లాబు పెనంలా కాగుతోంది. తిట్లు పోయి కేకలు, కేకలు పోయి బతిమాలడాలు వచ్చాయి. షుగరు మనిషినని, నోరు పిడచకట్టుకుపోతోందని, కళ్ళు తిరుగుతున్నాయని.

అదే సమయానికి, పని ఇక్కడికి మారినప్పట్నుంచీ ఇక్కడికే తెస్తున్న క్యారేజీ పట్టుకుని కూతురొచ్చింది.

"ఎవరది లోపల?" అంది.

"ఇన్‌స్పెక్టరు. నన్ను జైలుకి పంపినవాడు."

పిల్ల మొహంలో రంగు మారింది. "పిచ్చెక్కిందా నీకు? తియ్యి ముందు!" అంటూ తలుపు దగ్గరికి ఉరికింది. అతను అడ్డం రాలేదు. లేచి పక్కకి జరిగి నిలబడ్డాడు.

"తియ్యాలనుంటే తియ్యి. నేను ఆపను. తీసేముందు ఒక్కమాట విను. అంతే అడుగుతున్నాను."

ఆడపిల్ల గొంతు వినగానే లోపలి మనిషికి ప్రాణం లేచొచ్చింది. "అమ్మా! ఎవరమ్మా నువ్వు? కూతురివా? మీ నాన్న ఏ తప్పూ చెయ్యలేదమ్మా, నాకు తెలుసు. నేనే ఇరికించాను. చిన్నప్పుడు నిన్ను చూశాను కూడా. నీ కాళ్ళు పట్టుకుంటాను, గడియ తియ్యమ్మా!"

ఇరవై ఏళ్ళుగా మేస్త్రీ కలలు కన్న మాట అది. కలలో ఆ మాట వినబడగానే కూతురు వచ్చి చెయ్యి పట్టుకునేది. ఇప్పుడు ఆ పిల్ల అతని వంక చూసి పెదవి విరిచింది.

"దీనికోసమా ఇదంతా? గదిలో పెట్టి గడియేస్తే ఎవరైనా ఏదైనా చెప్తారు. ఇది నన్ను నమ్మమంటావా?"

"చెప్తారంటావా?" అన్నాడు మేస్త్రీ. "ఏదైనా చెప్తారా?"

"చెప్పరా మరి, ప్రాణం మీదికొస్తే?"

"అయితే కూర్చో."

పిల్ల కూర్చోలేదు, గడియ మీద చెయ్యి పెట్టిందే గానీ తియ్యలేదు. మేస్త్రీ తలుపుకి నోరు దగ్గరగా పెట్టాడు.

"సార్, మీరిప్పుడు చెప్పింది నిజం. నిజం నాకక్కర్లేదు, అది నాకెప్పుడో తెలుసు. నాకు అబద్ధం కావాలి. షావుకారుని మీరే చంపారని చెప్పండి."

"నేను చంపడమేంట్రా! ఆ రోజు నేను ఊళ్ళోనే లేను!"

"నేనూ అదే చెప్పాను సార్, వ్యాను తీసుకుని పక్క ఊరెళ్ళానని. మీరు విన్నారా? చెంబు ఇక్కడే ఉంది. చల్లగా ఉంది." అని చెంబులో నీళ్ళు గ్లాసులోకి, గ్లాసులో నీళ్ళు చెంబులోకి చప్పుడయ్యేలా పోశాడు.

ఎంతసేపు బిగబట్టుకుంటాడు? మూడు రాత్రులు కాదు కదా, పొద్దు వాలను కూడా లేదు.

"నేనే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నేనే చంపాను. తియ్యి."

"దేనితో?"

"కర్రతో."

"కాదు, సుత్తితో. మళ్ళీ చెప్పండి."

"సుత్తితో."

"ఏ చేత్తో?"

"కుడి చేత్తో..."

"ఎడమ చేత్తో సార్. దెబ్బ అటువైపుందని డాక్టరు రాశాడని మీరే కదా నా చేత దిద్దించారు? ఎడమ చేత్తో."

"ఎడమ చేత్తో. సుత్తితో. ఎడమ చేత్తో కొట్టాను."

"సుత్తి ఎక్కడ పారేశారు?"

"ఎక్కడ పారేశాను? నువ్వే చెప్పు బాబూ, అదే అంటాను."

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కోర్టు కాయితాల్లో సుత్తి దొరికిన కాలవ పేరు, మెట్ల గుర్తు అన్నీ ఉన్నాయి. చదివినప్పుడు ఆమెకి అవే గుచ్చుకున్నాయి.

"కాలవలో," అన్నాడు మేస్త్రీ. "మెట్ల కింద. ఇప్పుడు మొత్తం మొదట్నుంచి చెప్పండి."

ఇన్‌స్పెక్టరు చెప్పాడు. సుత్తి, ఎడమ చెయ్యి, కాలవ మెట్లు, ఏదీ వదల్లేదు. గొంతు బొంగురుపోయింది, మాటకీ మాటకీ మధ్య రొప్పు. చివరికొచ్చి ఆగాడు. బయట ఎవరూ ఏమీ అనకపోయేసరికి నమ్మలేదనుకున్నాడు. కంగారుగా మళ్ళీ అందుకున్నాడు.

"ఇంకా... ఇంకా చెప్తాను. కొట్టాక, కొట్లో ఫ్యాను తిరుగుతోంది. పోతూ పోతూ ఫ్యాను కట్టేశాను. కరెంటు దండగ కదా అని. నిజం బాబూ! నేనే కట్టేశాను ఫ్యాను. తియ్యి ఇంక!"

మేస్త్రీ కూతురి వైపు తిరిగాడు.

"ఫ్యాను సంగతి నేను చెప్పలేదు," అన్నాడు.

పిల్ల గోడకి జారబడి, రంపపు పొట్టు మీద కూలబడింది. "కళ్ళజోడు..." అంది. మోకాళ్ళలో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళ ఏడుపూ ఒక్కసారే వచ్చింది. అతను దగ్గరికెళ్ళి నిలబడ్డాడు గానీ, తల మీద చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాల్లేదు.

లోపల్నుంచి మూలుగు వినబడుతోంది, తిట్టడానికి కూడా సత్తువ లేని మూలుగు. మేస్త్రీ విన్నాడు. పగ తీరింది. వాడి నోట వాడిచేతే చెప్పించాడు, వినవలసిన మనిషి వింది. ఇంతకన్నా ఏం కావాలి? ఇక చాలనిపించింది. నీళ్ళ చెంబు ఎడం చేతికి తీసుకుని, కుడి చెయ్యి గడియ మీద వేశాడు.

ఆ చేతి మీద ఇంకో చెయ్యి పడింది. పిల్ల ఎప్పుడు లేచిందో లేచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, వాటిలో తడి లేదు.

"వద్దు నాన్నా," అంది. "ఉండనీ."

నాన్నా అంది. విన్నాడు. వినీ సంతోషించడానికి వీలు లేకుండా పోయింది. ఆ పిల్ల చెయ్యి అంత బలంగా ఉంటుందని అతననుకోలేదు.

"చాలమ్మా, పెద్దమనిషి, లోపల పడిపోతాడేమో. ఏదన్నా అయితే..."

"అయితే అవనీ."

"నీకు తెలీదు తల్లీ. నేనంటే జైలు చూసినవాణ్ణి, నాకు కొత్త కాదు. ఈ పాపం నాది. నీ చెయ్యి దీని మీద ఉండకూడదు. తియ్యి. నీకు దణ్ణం పెడతాను, తియ్యి." జీవితంలో ఇన్‌స్పెక్టరుని తప్ప ఎవర్నీ అంతలా బతిమాలినవాడు కాదు, ఇప్పుడు కన్నకూతుర్ని బతిమాలుతున్నాడు, అదీ ఆ ఇన్‌స్పెక్టరు కోసం.

ఆ పిల్ల గడియ వదల్లేదు.

"నువ్వు అన్నేళ్ళున్నావు కదా నాన్నా," అంది. "అమ్మ నీ కోసం చూసి చూసి పోయింది. నేను నిన్ను అసహ్యించుకుంటూ పెరిగాను. ఆయన చీకటి పడేదాకా ఉండలేడా?"